పైకప్పు మీది చీరలు

లేపాక్షి గుడికి పోయినవాళ్ళు మొదట చేసే పని ఒకటే. వేలాడే స్తంభం దగ్గరికి పోయి, దాని కింద నుంచి తువ్వాలో చున్నీనో ఇటు దోపి అటు లాగడం. గుడ్డ అవతలికి వచ్చిందంటే పిల్లలు చప్పట్లు కొడతారు, ఆ స్తంభాన్ని తానే నిలబెట్టినట్టు గైడు నవ్వుతాడు. నేనూ లాగాను, నా కూతురూ లాగింది. బాగానే ఉంటుంది. కాకపోతే ఆ సందడిలో అందరి తలలూ నేలకే వంగి ఉంటాయి. తమ నెత్తి మీద, అదే మంటపం కప్పుకు, దాదాపు ఐదువందల ఏళ్ళ నాటి చీరలు బారులు తీరి ఉన్న సంగతి చాలామంది గమనించనే గమనించరు.

నాకు చెప్పింది మా జేజినాయన, అంటే మా నాయన వాళ్ళ నాయన. అప్పటికి ఆయనకు కళ్ళు సరిగా కనపడవు.

మాది ధర్మవరం. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. ముందుదాని మీద నాయన, వెనకదాని మీద చిన్నాయన. పెద్ద అంచు చీరలకు మూడు నాడెలు, అంటే అడ్డపోగును ఇటు నుంచి అటు తీసుకుపోయేవి, ఆడాలి కాబట్టి నేసే మనిషి పక్కన ఇంకో మనిషి ఉండాలి. బడి నుంచి వచ్చాక ఆ పక్క మనిషిని నేనే. సంచి మూలన పారేసి, గుంట అంచున కూర్చుని, నాయన "ఊ" అన్నప్పుడల్లా అంచు నాడె తోసేదాన్ని. ఎప్పుడన్నా ఆవులించి ఒక "ఊ" దాటేశానో, అంచులో ఒక పోగు తక్కువయ్యేది. ఒక పోగే కదా అనుకునేదాన్ని. జేజినాయన గోడవారగా కూర్చుని కండెలు చుడుతూ, తల ఎత్తకుండానే "తప్పింది" అనేవాడు. నాడె చప్పుడును బట్టి తెలిసిపోయేది ఆయనకు.

నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్నాక ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చాయి. ఒక కంటికి ఆపరేషన్ చేయించారు, అది సరిగా కుదరలేదు. రెండోదాన్ని ఇంకెవర్నీ ముట్టనివ్వలేదు. వెలుగు, నీడ, మనిషి ఆకారం తెలిసేవి. వేళ్ళు మాత్రం బాగా చూసేవి. చీర మడత మధ్యలోకి రెండు వేళ్ళు పోనిచ్చి, జరీ అసలుదో కాదో చెప్పేవాడు.

1986లో, నేను ఆరో తరగతిలో ఉండగా, బెంగుళూరు నుంచి వచ్చే సావుకారి ఒకాయన కొత్త డిజైన్ తెచ్చాడు. "లేపాక్షి బార్డరు. ఇప్పుడు దీనికే గిరాకీ" అన్నాడు. నాయన ఆ గ్రాఫు కాగితం చూసి జేజినాయనకు చదివి వినిపించాడు. ఇన్ని గళ్ళు పైకి, ఇన్ని గళ్ళు పక్కకు, మధ్యలో మామిడిపిందె. అంతా విని జేజినాయన, "లేపాక్షిలో మామిడిపిందె యాడుండాది? నేను చూడల్యా" అన్నాడు. సావుకారి నవ్వి ఊరుకున్నాడు. జేజినాయన ఊరుకోలేదు. నెల రోజులు ఇంట్లో అదే మాట. చివరికి ఒక ఆదివారం చీకటితోనే నన్ను లేపి, "పాపా, నీ గళ్ళ నోటుబుక్కు తీసుకో. పెన్సిలు చెక్కుకో. నీ కండ్లు నాకు ఒక దినం అప్పియ్యి" అన్నాడు.

నన్నే ఎందుకంటే, మా వీధిలో ముగ్గులు బాగా వేసేది నేను. చుక్కల లెక్క తప్పేదాన్ని కాదు.

ధర్మవరం నుంచి హిందూపురం దాకా పాసింజరు రైలు, అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు బస్సు. జేజి కట్టిచ్చిన చిత్రాన్నం, ఊర్బిండి నా ఒళ్ళో. దారిలో పెనుకొండ కొండ కనిపించింది. ఆ కొండకూ మేము పోయే గుడికీ సంబంధం ఉందని నాకు అప్పుడు తెలియదు. గుడి కట్టించిన విరూపణ్ణ పెనుకొండలోనే ఉండేవాడట. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలే కాలంలో ఇక్కడి ఖజానా ఆయన చేతిలో ఉండేది. తమ్ముడు వీరణ్ణతో కలిసి 1530లలో, తాబేలు వీపులా ఉండే కూర్మశైలం మీద వీరభద్రుడి గుడి లేపాడు. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక రాజులే పెనుకొండకు వచ్చేశారు. హంపి పాడుబడింది. లేపాక్షి బతికిపోయింది.

ఊరి మొదట్లో బసవన్న. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఒకే రాయి. ఎవరైనా అక్కడ ఒక గంట నిలబడతారు. మేము దండం పెట్టుకుని ముందుకు పోయాం. ఆ దినం మాకు రాళ్ళతో పని లేదు.

ముందు మంటపంలోకి పోగానే జేజినాయన నన్ను వెల్లకిలా పడుకోమన్నాడు. నాకు సిగ్గేసింది. గుళ్ళో పడుకోవడమేంది? ఆయన తన తుండు నేల మీద పరిచి, "మెడ నొచ్చితే లెక్క తప్పుతాది. పండుకో" అన్నాడు. పడుకున్నాను. రాయి చల్లగా ఉంది. చీకటికి కళ్ళు అలవాటు పడేకొద్దీ పైన ఎర్రటి ఆకాశంలాగా కప్పు తెరుచుకుంది. జేగురు రంగు. దాని మీద మనుషులే మనుషులు.

"ఏముండాది పాపా?"

"పెండ్లి జరుగుతాంది జేజినాయనా. శివుడిది, పార్వతిది."

"దేవుళ్ళ సంగతి నాకు తెల్సులే. చీరలు చెప్పు."

అట్లా మొదలైంది. ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ముఖాలన్నీ పక్కకు తిరిగి ఉన్నాయి, కళ్ళు మాత్రం చేపల్లా పొడుగ్గా, మొత్తం కనిపిస్తూ. వెనక్కి జారిన పెద్ద పెద్ద కొప్పులు. సన్నటి నడుములు. చీర చెంగు గంజి పెట్టినట్టు బిర్రుగా పక్కకు పొడుచుకొచ్చి ఉంది. ఒకామెకు నిలువు చారలు. ఒకామెకు గళ్ళు, గడికొక చుక్క. ఒకామెకు తీగ పారింది. ఇంకొకామెకు ఒళ్ళంతా పువ్వులు. పక్కపక్కన ఉన్న ఇద్దరికి ఒకే రకం చీర లేదు. నేను ఒక్కొక్కరినే చెప్పుకుంటూ పోతుంటే ఆయన ప్రశ్న మీద ప్రశ్న వేసేవాడు. అంచు ఎంత వెడల్పు, ఆమె అరచెయ్యంతా, జానా? రెండు పక్కలా ఉందా, ఒక పక్కేనా? అంచు రంగూ చీర ఒంటి రంగూ ఒకటేనా? చెంగు దగ్గర గళ్ళు మారినాయా?

ఒక ప్రశ్న దగ్గర మాత్రం నేను ఆగిపోయాను.

"ఆమె మోకాలు వంచి ఉండాది గదా. మోకాలి కాడ గళ్ళు ఒంగినాయా?"

చూశాను. మోకాలు వంగింది కానీ గళ్ళు వంగలేదు. చీర నడుము దగ్గర నుంచి పాదాల దాకా, లోపల కాలు ఉందన్న ధ్యాసే లేకుండా, గళ్ళు నేరుగా నిలబడి ఉన్నాయి. ఒక కాగితం మీద గళ్ళు గీసి, దాన్ని మనిషి ఆకారంలో కత్తిరించి అతికించినట్టుంది. ఆ మాటే చెప్పాను. నాకు అది బొమ్మ వేసినవాడి తప్పులా అనిపించింది. డ్రాయింగు సారు చూస్తే మార్కులు తీసేసేవాడు.

జేజినాయన గట్టిగా నవ్వాడు. మంటపంలో అందరూ తిరిగి చూశారు. "కట్టిన చీర గాదు పాపా, పరిచిన చీర రాసినాడు. మడత పెట్టింటే ఏమి తెలుస్తాది మనకు? లెక్కపెట్టు, లెక్కపెట్టు" అన్నాడు.

తర్వాత ఎప్పుడో పుస్తకాల్లో చదివాను. లేపాక్షి బొమ్మల్లో లోతు ఉండదు, మనుషులు, వస్తువులు అన్నీ చదునుగా ఉంటాయి, నల్లటి గీతతో చుట్టూ హద్దు కట్టి లోపల రంగు నింపారు అని. అజంతా మెత్తదనం ఇక్కడ లేదని కూడా కొందరి బాధ. ఉండకపోవచ్చు. చిత్రకళ తెలిసినవాళ్ళు దాన్ని లోపమే అనుకోనీ. నేసేవాడికి మాత్రం అది పెద్ద ఉపకారం. అందం కోసం మడతలు వేసి ఉంటే, వెలుగునీడలు పరిచి ఉంటే, ఆ కాలపు చీరలో ఎన్ని పోగులకు ఒక గడి వచ్చేదో ఊహించడానికి కూడా దారి ఉండేది కాదు.

నోటుబుక్కులో లెక్కల గడులు ఎట్లాగూ ఉన్నాయి. గడికి ఒక చుక్క చొప్పున అంచులు దించడం మొదలుపెట్టాను. ఆయన ఒకటే చెప్పాడు. "తప్పుగా కనిపిచ్చినా నువ్వు దిద్దొద్దు. ఉన్నిందే రాయి."

మధ్యాహ్నం చిత్రాన్నం తిన్నాక మళ్ళీ పడుకున్నాను. కడుపు నిండింది, నేల చల్లగా ఉంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆయన మోచేత్తో పొడుస్తూనే ఉన్నాడు. అప్పుడు మగవాళ్ళ వంతు వచ్చింది.

"నెత్తిన ఏముండాది?"

"టోపీలు. పొడుగ్గా, శంకు మాదిరి. ముఖం కంటే పొడుగు."

"కుళ్ళాయిలు అవి" అన్నాడు.

నాకు ఆ మాట అక్కడే మొదటిసారి తెలిసింది. వీరభద్రుడి పెద్ద బొమ్మ ఒకటి లోపలి మంటపం కప్పునంతా కమ్ముకుని ఉంటుంది, ఇరవై అడుగులకు పైగా పొడుగు. దాని పాదాల దగ్గర విరూపణ్ణ, వీరణ్ణ తమ వాళ్ళతో నిలబడి దండం పెడుతూ ఉంటారు. వాళ్ళ నెత్తి మీదా అవే. ఐదారేళ్ళ తర్వాత ఇంటర్‌లో తెలుగు మాస్టారు శ్రీనాథుడి చాటువు చెప్పారు. కన్నడ రాజు కొలువుకు పోయిన కవి, అక్కడి వేషం వేసుకుని, అక్కడి తిండి తిని, ఇంత చేసినా దయ లేదా తల్లీ అని కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకుంటాడు. "కుళ్ళాయుంచితి, కోక చుట్టితి" అని ఎత్తుకుంటుంది పద్యం. కుళ్ళాయి అంటే ఒక రకం టోపీ అని మాస్టారు చెప్పి ముందుకు పోయారు. ఎట్లాంటి టోపీ అని ఎవరూ అడగలేదు. నాకు తెలుసు. నేను దాని కింద పడుకుని పెన్సిలుతో దించాను.

ఇంకా తర్వాత ఇంకో సంగతి తెలిసింది. 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసాయన విజయనగరానికి వచ్చి, మహర్నవమి ఉత్సవాలు చూసి రాసిపెట్టాడు. అంతఃపురం ఆడవాళ్ళు తలల మీద ఎత్తైన టోపీలు పెట్టుకున్నారట, వాటిని 'కొల్లాయెస్' అంటారట. మన కుళ్ళాయే, పోర్చుగీసు నోట్లో పడి అట్లా అయింది. ఒక తెలుగు కవి దాని పేరు చెప్పాడు, ఒక పరదేశి దాన్ని చూశానన్నాడు. ఆకారం మాత్రం లేపాక్షి కప్పు చూపించింది. ఆ కప్పే లేకుంటే కుళ్ళాయి నిఘంటువులో ఒక మాటగా ఉండేది. కవి నెత్తిన అది ఎంత ఇబ్బందిగా కూర్చుందో, ఆయన ఎందుకంత చిన్నబుచ్చుకున్నాడో మనకు తెలిసేది కాదు. నిజంగా, ఆ టోపీ చూశాకే నాకు ఆ పద్యంలో నవ్వు వచ్చింది.

సాయంత్రం అవుతుండగా జేజినాయన అడిగిన మాట ఇప్పటికీ మరిచిపోలేదు.

"మగ్గం యాడన్నా రాసినారా చూడు."

వెతికాను. మంటపం ఈ చివర నుంచి ఆ చివర దాకా తల పైకెత్తి నడిచాను. కిరాతుడి వేషంలో శివుడున్నాడు, అడవి పంది ఉంది, ద్రౌపది స్వయంవరం ఉంది. రథం కింద దూడ నలిగితే కన్నకొడుకుకే మరణశిక్ష వేసిన చోళరాజు కథ ఉంది. రాజులు, సేవకులు, చామరాలు పట్టినవాళ్ళు, వేటగాళ్ళు, ఆవులు. మగ్గం లేదు. రాట్నం లేదు. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి నాకు ఎక్కడా కనపడలేదు.

"లేదు జేజినాయనా."

"సరిగ్గా చూసినావా?"

"చూసినా."

"చీరలన్నీ యాడనించి వచ్చినాయంట మరి?" అన్నాడు. కోపంగా కాదు, ఏదో వాయిదా పడిన లెక్క గురించి అడిగినట్టు.

ఆ కాలం శాసనాల్లో నేతగాళ్ళు ఉన్నారని తర్వాత చదివాను. విజయనగర కాలంలో మగ్గాల మీద పన్ను ఉండేది. రాతి మీద వాళ్ళు పన్నుగా ఉన్నారు, కప్పు మీద చీరలుగా ఉన్నారు. మనిషిగా మాత్రం నాకు దొరకలేదు. అయినా ఒకరినే అనడమెందుకు? గుడి కట్టించిన అన్నదమ్ములు కప్పు మీద ఉన్నారు గానీ ఆ కప్పుకు సున్నం పూసి, జేగురు నూరి, మెడలు పడిపోయేలా పైకి చూస్తూ బొమ్మలు రాసినవాళ్ళూ నాకు కనపడలేదు.

బయటికి వచ్చేటప్పుడు ఎవరో గోడ మీద ఎర్ర మచ్చలు చూపించి విరూపణ్ణ కథ చెబుతున్నారు. రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడని చాడీలు పోతే, శిక్ష వేయకముందే తన కళ్ళు తానే పీకి గోడకు కొట్టాడని. కల్యాణ మంటపం సగంలో ఆగిపోయింది అందుకేనని. జేజినాయన ఆ గోడను చేత్తో తడిమి చూసి, "లెక్క అప్పజెప్పలేక కండ్లే ఇచ్చినాడా. మా సావుకార్లు ఇంగా అంతదూరం రాలేదు" అన్నాడు. కథ చెప్పేవాళ్ళకు నవ్వాలో వద్దో తెలియలేదు.

ఇంటికి తెచ్చిన నోటుబుక్కులో పద్నాలుగు అంచులు ఉన్నాయి. మామిడిపిందె ఒక్కదాంట్లోనూ లేదు. సావుకారి మళ్ళీ వచ్చినప్పుడు జేజినాయన అవి చూపించమన్నాడు. సావుకారి పేజీలు తిప్పి, "ఈ గళ్ళు, చారలు ఈ కాలంలో ఎవరు కడతారు తాతా? ముతకగా ఉంటాయి" అన్నాడు. మామిడిపిందె బార్డరే లేపాక్షి పేరు మీద అమ్ముడుపోయింది, బాగా అమ్ముడుపోయింది. ఆ గుడి లతామంటపం స్తంభాల మీద చెక్కిన తీగలు చూసి నేసిన అంచులు నిజంగానే ఉన్నాయి, కాదనను. హస్తకళల షోరూములకు కూడా లేపాక్షి పేరే పెట్టారు. పేరుకు ఏనాడూ లోటు లేదు.

అయినా నాయన ఒక చీర నేశాడు. అత్త పెళ్ళికి, 1988లో. గళ్ళకు గడికొక చుక్క, జానెడు అంచు. సావుకారి సరుకు కాదు, ఇంటి సరుకు. జేజినాయన పక్కనే కూర్చుని చప్పుడు వింటూ ఉన్నాడు. నేను అంచు నాడె తోశాను, ఒక్క "ఊ" కూడా దాటలేదు. మగ్గం మీద నుంచి కోసిన రోజు ఆయన ఆ చీర మొత్తం, మూర మూర, వేళ్ళతో చదివాడు. కప్పు మీద నేను చూసిన చీర, కళ్ళు లేని మనిషి చేతుల మీదుగా, మా అత్త ఒంటి మీదికి వచ్చింది.

ఆ చీర ఇప్పుడు లేదు. పాత పట్టుచీరలు కొంటామని వీధిలో అరుచుకుంటూ వస్తారు చూడండి, వాళ్ళకు పోయింది. వాళ్ళు చీర కోసం కొనరు, జరీలో వెండి కోసం కొంటారు. చీరను కాల్చేస్తారు, బూడిదలోంచి వెండి తీస్తారు. మామకు ఒంట్లో బాగాలేని ఏడాది అత్త ఇచ్చేసింది. ఏమీ అనలేం. అంతకు ముందు జేజి పెళ్ళి చీర కూడా అట్లాగే పోయింది. ధర్మవరంలో ఇన్ని తరాలుగా ఇన్ని చీరలు నేస్తే, వందేళ్ళ నాటి చీర చూపించండి అంటే ఎన్ని ఇళ్ళలో దొరుకుతుంది? అమరావతి స్తూపం పలకల్ని సున్నానికి కాల్చుకున్నారని చదివినప్పుడు జనం మీద నాకు కోపం రాలేదు, అత్త గుర్తొచ్చింది. ఆ స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎట్లా ఉండేదో కూడా, దాని పలకల మీదే శిల్పులు చెక్కిన స్తూపం బొమ్మ వల్లే తెలిసింది. ఇక గుడ్డ సంగతి చెప్పేదేముంది. మన దేశంలో నేసిన పాత నూలు గుడ్డలు ఈజిప్టులో, కైరో పక్కన ఫుస్తాత్‌లో, పొడి నేలలో దొరికాయట. మన చెమ్మకు, మన చెదలకు, మన అవసరాలకు ఇక్కడ ఏమీ మిగల్లేదు.

అత్త పెళ్ళి ఫోటో ఉంది కదా అంటారేమో. ఉంది. కలర్ ఫోటోనే. పీటల మీద కూర్చుని ఉంది, చీర కుచ్చిళ్ళన్నీ ఒళ్ళో కుప్ప పడ్డాయి. ఫ్లాష్ వెలుగుకు జరీ తెల్లగా పేలిపోయింది. అంచు ఒక్కచోట నాలుగు వేళ్ళంత కనిపిస్తుంది, అదీ మడత పడి. ఎన్నిసార్లు భూతద్దం పెట్టి చూశానో. చుక్కలు లెక్కపెట్టలేం. కెమెరా కట్టిన చీరను తీసింది. పరిచిన చీర కావాలంటే మళ్ళీ ఆ కప్పు దగ్గరికే పోవాలి.

జేజినాయన 1991లో పోయాడు. ఆయన ఫోటో కూడా ఒక్కటే, స్టూడియోలో తీయించింది. ఎవరిదో కోటు తొడిగించి, చేతికి ఒక పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టారు. చదువు రాని మనిషి చేతిలో పుస్తకం! మగ్గం మీద ఉండగా ఒక్క ఫోటో తీయాలని మాకెవరికీ తోచలేదు. రోజూ కనిపించేదాన్ని ఎవరు బొమ్మ తీస్తారు? కప్పు రాసినవాళ్ళకు మగ్గం ఎందుకు తోచలేదో నాకు ఇక్కడ కొంచెం అర్థమైంది.

నోటుబుక్కు ఇల్లు మారినప్పుడు పోయింది. ఒక్క పేజీ మిగిలింది, అది కూడా అమ్మ పుణ్యాన. దాని వెనక ఆమె అప్పుల లెక్క రాసుకుంది. ఎవరికి ఎంత ఇవ్వాలి, వడ్డీ ఎంత కట్టాం. అందుకని చించి బియ్యం డబ్బా అడుగున దాచింది. అమ్మ పోయాక డబ్బా దులిపితే బయటపడింది. ఒక వైపు వడ్డీ, ఒక వైపు లేపాక్షి.

పోయినేడు కూతుర్ని తీసుకుని మళ్ళీ పోయాను. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినప్పటి నుంచి జనం పెరిగినట్టున్నారు, మంచిదే. స్తంభం కింద చున్నీ లాగడం అయ్యాక, నేను మెడ ఎత్తి ఆ ఆడవాళ్ళ వరస వెతికాను. కొన్నిచోట్ల గార పెచ్చులూడింది. రంగు నా జ్ఞాపకంలో ఉన్నంత ఎర్రగా లేదు. అప్పుడు నా కళ్ళే కొత్తవేమో. పడుకుందామంటే ధైర్యం చాలలేదు, యాభై ఏళ్ళ మనిషిని, చుట్టూ సెల్ఫీలు. నిలబడే ఫోన్‌తో తీశాను. గళ్ళకు గడికొక చుక్క ఉన్న ఆమె అక్కడే ఉంది. మోకాలు వంచుకునే ఉంది.

మా చిన్నాయన కొడుకు ఇప్పుడు ధర్మవరంలో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు చేస్తాడు. అమ్మ దాచిన పేజీ వాడికిచ్చాను. స్కాన్ చేసి, గడి గడీ స్క్రీన్ మీదికి ఎక్కించాడు. రెండు రోజుల తర్వాత రాత్రి ఫోన్ చేశాడు.

"అక్కా, అంచులో చుక్కలు ఐదైదుగా పోతాన్నాయి. ఒక్కచోట నాలుగే ఉన్నాయి. దిద్దేదా?"

ఫోన్‌లో ఫోటో తెరిచి పెద్దది చేసి చూశాను. సరిగ్గా ఆ చోట బొమ్మ మసకగా ఉంది. నీడో, పెచ్చో తెలియడం లేదు. ఆ మధ్యాహ్నం చిత్రాన్నం తిన్న నిద్రలో నేనే ఒక చుక్క మింగానేమో. బొమ్మ రాసినాయన చెయ్యి నొప్పి పుట్టి వదిలేశాడేమో. లేదా ఆయన చూసి రాసిన ఆ చీరలోనే ఆ చుక్క లేదేమో. పెనుకొండలోనో ఇంకెక్కడో ఒక ఇంట్లో, పక్క నాడె తోసే పిల్ల ఆవులించిందేమో.

"దిద్దొద్దు. ముందు పోయి చూద్దాం" అన్నాను.

"ఆదివారం పొద్దున రైలుంది. బైనాక్యులర్ ఎవరి దగ్గరన్నా దొరుకుతాదేమో అడుగుతా" అన్నాడు.

"తుండు కూడా తెచ్చుకో" అన్నాను.